కౌంటర్ మానిటర్లపై తెలుగు వత్తులు అలుక్కుపోతున్నాయి: లోపం తెరదా, డిజైన్‌దా?

నల్లకుంట_నళిని
మా సంస్థలో రసీదులు, ధ్రువపత్రాలు ఇచ్చే కౌంటర్ల కోసం కొత్తగా తెలుగు అప్లికేషన్ తయారు చేయించారు. దాన్ని రూపొందించిన మాదాపూర్ బృందం తమ లాప్‌టాప్‌లలో చూపించినప్పుడు అక్షరాలు అచ్చు పుస్తకంలో ఉన్నంత స్పష్టంగా కనిపించాయి. అదే అప్లికేషన్ మా కౌంటర్లలోని 24 అంగుళాల, 1920 × 1080 మానిటర్ల మీదికి వచ్చేసరికి వత్తులు అలుక్కుపోతున్నాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియడం లేదు, పేర్లు సరిచూసే సిబ్బంది తెరకు మొహం ఆనించి చదవవలసి వస్తోంది. ఇది చాలదన్నట్టు, ప్రతి గడి కింద ఉండే సూచనలను తెల్లని నేపథ్యంపై లేత బూడిద రంగులో పెట్టారు. మానిటర్లు మార్చుకోండని బృందం అంటోంది, అందుకు నిధులు లేవని మా కార్యాలయం అంటోంది. ధ్రువపత్రంలో పేరు తప్పు పడితే దాన్ని దిద్దించుకోవడానికి మళ్లీ తిరగవలసింది మాత్రం దరఖాస్తుదారుడే. నిజంగా లోపం తెరదేనా?

సీటీసీ_శ్రీను
సికింద్రాబాద్‌లో మానిటర్లు అమ్మడమే నా జీవనం, అయినా ఇప్పుడే కొనవద్దనే చెబుతాను. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. మీ బృందం వాడేది 13.3 అంగుళాల, 2560 × 1600 లాప్‌టాప్ అయితే అందులో అంగుళానికి 227 ఉంటాయి. మీకు కనిపిస్తున్న తేడాలో సగానికి పైగా ఇదే. ఒక హెచ్చరిక కూడా చేయాలి. పెద్ద తెర అయితే అక్షరాలు బాగుంటాయని చాలామంది 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తీసుకుంటారు, కాని దానిలో సాంద్రత 82కు పడిపోతుంది. అక్షరం పెద్దదవుతుందే తప్ప ఒక్క గీత కూడా అదనంగా చేరదు.

అక్షర_శిల్పి
శ్రీను గారు చెప్పిన లెక్క సరైనదే. అయితే అవే 92 పిక్సెళ్ల తెరలపై ఇంగ్లిష్ అక్షరాలు ఇన్నేళ్లుగా హాయిగా చదవగలుగుతున్నప్పుడు తెలుగు మాత్రమే ఎందుకు అలుక్కుపోతుందన్న ప్రశ్న మిగిలే ఉంది. నా దృష్టిలో అసలు విషయం అక్కడే ఉంది.

ఇంగ్లిష్ అక్షరాలను ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీసేవి ఎక్కువగా నిలువు గీతలు. వాటిని చూపడానికి అడ్డంగా ఎక్కువ పిక్సెళ్లు కావాలి. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. తలకట్టు, గుడి, ఏత్వం పైన ఉంటాయి, మూల అక్షరం నడుమ ఉంటుంది, దాని కింద వత్తు, ఒక్కోసారి ఆ వత్తు కింద మరో వత్తు చేరుతుంది. ‘రాష్ట్రం’ అన్న మాటలోని ‘ష్ట్ర’ను ఒకసారి గమనించండి. 14 పిక్సెళ్ల ఫాంటులో మూల అక్షరానికి దక్కేవి, ఫాంటును బట్టి, సుమారు ఏడెనిమిది అడ్డ వరుసలు మాత్రమే. ఆ కాసిన్ని వరుసలలోనే ద, ధ, థలను విడదీసే కింది గీత, నడిమి చుక్క రెండూ ఇమడాలి. మీ బృందం లాప్‌టాప్‌లో 200 శాతం స్కేలింగ్ (తెర మీది అన్నిటినీ పెద్దవి చేసి చూపే అమరిక) ఉంటే అదే 14 పిక్సెళ్ల అక్షరానికి నిజంగా దొరికేవి 28 వరుసలు. వాళ్లకు అంతా స్పష్టంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ఇందులో తెలుగుకు జరిగిన నష్టం ఇంకొకటి ఉంది. ఎల్‌సీడీ తెరపై ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం నిలువు పట్టీలు పక్కపక్కన ఉంటాయి. ఆ మూడింటినీ విడివిడిగా వెలిగించి అక్షరం అంచును నునుపు చేసే క్లియర్‌టైప్ పద్ధతిని మైక్రోసాఫ్ట్ 1998లో ప్రకటించింది. దానివల్ల అడ్డంగా దొరికే వివరం దాదాపు మూడింతలవుతుంది, నిలువుగా మాత్రం ఏమీ పెరగదు. తొలినాళ్ల క్లియర్‌టైప్‌లో నిలువు దిశలో అంచులను మృదువు చేసే ఏర్పాటే లేదు, 2009లో విండోస్ 7తో వచ్చిన, అక్షరాలను గీసే డైరెక్ట్‌రైట్‌లో దాన్ని చేర్చారు. మనకు అవసరమైన దిక్కుకు ఆలస్యంగానూ, అరకొరగానూ సహాయం అందిందన్నమాట.

మాదాపూర్_వాణి
నేను ఇంటర్‌ఫేస్ డిజైన్ పనిలోనే ఉన్నాను, ఈ అప్లికేషన్‌తో నాకు సంబంధం లేదు. శిల్పి గారి వివరణ బాగుంది కాని, అది డిజైన్ చేసినవారి బాధ్యతను తెర మీదికి నెట్టేలా ఉంది. 92 పిక్సెళ్ల తెర అనేది ప్రకృతి వైపరీత్యం కాదు, వాడేవారి దగ్గర ఏ తెర ఉందో ముందే అడిగి తెలుసుకోవలసిన విషయం. కౌంటర్‌లో పని చేసే మనిషి రోజంతా చూసే తెలుగు అక్షరానికి 14 పిక్సెళ్లు ఎంచుకోవడమే తప్పు నిర్ణయం. 18 పెట్టి, వరుసల మధ్య ఎడం 1.6 రెట్లు ఉంచితే సగం ఫిర్యాదులు అక్కడే ఆగిపోతాయి.

బూడిద రంగు విషయానికి వస్తే, దానికి లెక్క ఉంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008లో వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.0 (వెబ్‌సైట్లు అందరూ వాడుకోగలిగేలా ఉండాలని చెప్పే మార్గదర్శకాలు) ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వాటి నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు నిష్పత్తి, కనీసం 4.5:1 ఉండాలి, పెద్ద అక్షరాలకు 3:1 చాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడూ 153 ఉన్న (మూడూ 0 అయితే నలుపు, 255 అయితే తెలుపు) బూడిద రంగు తెలుపు మీద 2.85:1 మాత్రమే ఇస్తుంది. 118 దగ్గర అది 4.54:1 అవుతుంది, 89 దగ్గర 7:1కు చేరుతుంది. నళిని గారు, మీ సూచనల రంగు విలువ ఎంతో చూసి చెప్పగలరా?

నల్లకుంట_నళిని
వాణి గారు, మా దగ్గర కంప్యూటర్లు చూసుకునే అబ్బాయి చేత చూపించాను. మూడూ 160 ఉన్నాయి.

మాదాపూర్_వాణి
అయితే 2.85 కూడా రాదు. ఇది అభిరుచికి సంబంధించిన వాదన కాదు, ఆ సంఖ్యను చూపించి మార్చమని నిలదీయవచ్చు. కేంద్ర ప్రభుత్వం వెబ్‌సైట్ల కోసం 2009లో మొదటిసారి ఇచ్చి, తర్వాత సవరిస్తూ వచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ డబ్ల్యూసీఏజీనే ఆధారంగా తీసుకున్నాయి. మీరు ప్రజలకు సేవలందించే సంస్థ కాబట్టి ఆ పత్రాన్ని ముందు పెడితే బృందం కాదనలేదు.

అక్షర_శిల్పి
వాణి గారితో పేచీ లేదు, ఒక్క మాట చేర్చాలి. ఆ 4.5 అన్న సంఖ్య రెండు రంగుల వెలుగు నిష్పత్తి మాత్రమే, గీత ఎంత సన్నగా ఉందో దానికి తెలియదు. సన్నని గీత ఒక పిక్సెల్‌ను పూర్తిగా నింపకపోతే తెర దాన్ని అక్షరం రంగుకూ నేపథ్యానికీ మధ్య ఉండే ఏదో ఒక ఛాయతో చూపిస్తుంది. 118 విలువతో రాసిన వత్తు కొస తెర మీద వాస్తవంగా 180, 190 దగ్గర వెలుస్తుంది. కాబట్టి సన్నని తెలుగు ఫాంటుకు నేనైతే 4.5తో సరిపెట్టుకోను, 7కు తగ్గకుండా చూస్తాను.

బర్కత్‌పురా_మాస్టారు
పదవీ విరమణ చేసినవాణ్ని, కౌంటర్‌కు ఇవతల నిలబడేవారి తరఫున రాస్తున్నాను. కొన్ని చోట్ల మన వివరాలు సరిచూసుకోమని రెండో తెరను మన వైపు తిప్పి ఉంచుతారు. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరి వస్తువులు మసకబారడం అందరికీ జరిగేదే. ఆ తెర కళ్లజోడుకు కుదిరే దూరంలో ఉండదు, అద్దానికి అవతల ఉంటుంది. అటువంటి తెరకు 18 కూడా చాలదు. తప్పుగా ఉన్న పేరును ‘సరే’ అని ఒప్పుకొని వచ్చేసేది మావంటి వాళ్లమే. సిబ్బంది తెరకూ ప్రజల తెరకూ ఒకే పరిమాణం ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సీటీసీ_శ్రీను
మాస్టారు గారు, దూరానికి లెక్క ఉంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను సుమారు ఒక నిమిష కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు) వరకు వివరాన్ని విడదీయగలదని కంటి వైద్యంలో చెబుతారు. 60 సెంటీమీటర్ల దూరంలో అది 0.17 మిల్లీమీటర్లు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో ఒక్కో పిక్సెల్ 0.277 మిల్లీమీటర్లు కనుక సిబ్బందికి పిక్సెల్ మెట్లు కనిపిస్తాయి. మీరు మీటరు దూరంలో ఉంటే మెట్లు కనిపించవు, దానికి బదులు అక్షరమే చిన్నదైపోతుంది. అందుకే సిబ్బందికి సాంద్రత సమస్య, మీకు పరిమాణం సమస్య.

కూకట్‌పల్లి_కిరణ్
ఇంత చర్చ అవసరమా? విండోస్‌లో స్కేలింగ్ 125 శాతం పెట్టండి, అయిపోతుంది.

మాదాపూర్_వాణి
కిరణ్ గారు, తాత్కాలికంగా ఆ పని చేయవచ్చు. కాని అప్పుడు అప్లికేషన్‌కు మిగిలే చోటు 1536 × 864. కింది వరసలోని ‘సమర్పించు’ బటన్ తెర దాటిపోయే ప్రమాదం ఉంది. ఒక పిక్సెల్ మందం ఉన్న గళ్ల గీతలు 1.25 దగ్గర కొన్ని సన్నగా, కొన్ని లావుగా పడతాయి. స్కేలింగ్‌ను గుర్తించేలా రాయని పాత ప్రోగ్రామ్ అయితే విండోస్ దాన్ని బొమ్మలా సాగదీసి చూపిస్తుంది, ఉన్న మసకకు మరో మసక తోడవుతుంది.

కూకట్‌పల్లి_కిరణ్
మాది బ్రౌజర్‌లో నడిచేదే కాబట్టి సాగదీత బాధ ఎదురుకాలేదు. బటన్ దాటిపోయిన మాట మాత్రం నిజమే, మా ఆఫీసులో అందరూ కిందికి జరుపుకొని నొక్కుతున్నారు.

రంగుల_తేడా
ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. నాకు పుట్టుకతో ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. ఈ లక్షణం ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది కనుక ఆడవారిలో కంటే మగవారిలో చాలా ఎక్కువ. నేను కూడా ఒక కౌంటర్ ఉద్యోగినే. మా తెరలో ఆమోదించిన దరఖాస్తు పక్కన ఆకుపచ్చ చుక్క, తిరస్కరించిన దాని పక్కన ఎర్ర చుక్క ఉంటాయి, వేరే గుర్తు గాని మాట గాని ఉండదు. నాకు అవి రెండు మట్టి రంగు చుక్కలు. పక్క కుర్చీలోని సహోద్యోగిని అడగవలసి వచ్చినప్పుడల్లా నా పని నేను చేయలేకపోతున్నానన్న బాధ కలుగుతుంది, ఆ బాధకు కారణం నా కన్ను కాదని తెలిసి కూడా.

మన హైదరాబాద్ మెట్రోలో రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ ఎంజీబీఎస్ స్టేషన్‌లో కలుస్తాయి. నాకు అక్కడ ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే నేను రంగును వెతకను, మియాపూర్, ఎల్బీ నగర్, జేబీఎస్ అన్న పేర్లను చదువుతాను. కంప్యూటర్ తెర మీద నేను కోరేదీ అదే. రంగు ఉండనివ్వండి, దాని పక్కన ఒక మాట కూడా ఉండనివ్వండి.

మాదాపూర్_వాణి
మీరు రాసింది ప్రతి డిజైన్ బృందం చదవాలి. సమాచారాన్ని రంగు ఒక్కదానితోనే తెలపకూడదన్నది డబ్ల్యూసీఏజీలో కనీస స్థాయి నియమం. దీనికీ సంఖ్య చెబుతాను. 255 విలువ గల శుద్ధమైన ఎరుపుకూ 128 విలువ గల ఆకుపచ్చకూ మధ్య వెలుగు నిష్పత్తి 1.28:1 మాత్రమే. అంటే రంగును తీసేసి చూస్తే రెండూ దాదాపు ఒకే బూడిద. డిజైన్ పూర్తయ్యాక తెరను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూస్తే ఈ లోపం వెంటనే బయటపడుతుంది. విండోస్‌లోనూ ఫోన్లలోనూ ఆ సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది.

నల్లకుంట_నళిని
మా తెరలో పెండింగ్ అన్నది నారింజ రంగు పట్టీ మీద తెల్లని అక్షరాలతో ఉంది. అది నాకే సరిగా కనబడదు.

మాదాపూర్_వాణి
నారింజ మీద తెలుపు సుమారు 2:1 దగ్గరే ఆగిపోతుంది. అదే పట్టీ మీద నల్లని అక్షరాలు పెట్టించండి, పదికి పైగా వస్తుంది. మన కంటికి వెలుగు అనిపించేదానిలో ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. పసుపు, నారింజ రంగులలో ఆకుపచ్చ పాలు ఎక్కువ కాబట్టి అవి తెలుపుకు దగ్గరగా ఉంటాయి. నీలం దీనికి విరుద్ధం. శుద్ధమైన నీలం తెలుపు మీద 8.59:1 ఇస్తుంది, నలుపు మీద 2.44:1కు పడిపోతుంది.

కూకట్‌పల్లి_కిరణ్
అసలు నల్లని నేపథ్యం మీద తెల్లని అక్షరాలు పెడితే అన్ని చిక్కులూ తీరతాయి కదా, కాంట్రాస్ట్ 21:1 వస్తుంది. కళ్లకూ హాయి.

అక్షర_శిల్పి
నేను ఒప్పుకోను. నలుపు మీద తెల్లని గీత ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. తెలుగు అక్షరాలలోని చిన్న సున్నాలు, సుడులు అప్పుడు పూడుకుపోతాయి. ఆస్టిగ్మాటిజం (కంటి వంపులోని లోపం) ఉన్నవారిలో చాలామంది తెల్లని అక్షరం చుట్టూ వెలుగు చెదురుతోందని చెబుతారు. పైకప్పు ట్యూబులైట్ల వెలుగు పడే కౌంటర్‌లో నల్లని తెర అద్దమై ఎదుటివారి చొక్కాను చూపిస్తుంది.

కూకట్‌పల్లి_కిరణ్
నేను రాత్రిపూట కోడ్ రాసేవాణ్ని, నాకు మాత్రం అదే నచ్చుతుంది. అయితే నేను రాసేది ఇంగ్లిష్ అక్షరాలే అన్న మాట ఒప్పుకోవాలి.

నిలువు_పట్టీ
శిల్పి గారు చెప్పిన పట్టీల సంగతి చదివాక ఒక విశేషం పంచుకోవాలనిపించింది. నేను లినక్స్ వాడతాను, పొడవైన పత్రాల కోసం మానిటర్‌ను 90 డిగ్రీలు తిప్పి నిలువుగా నిలబెట్టుకున్నాను. అలా తిప్పితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. విండోస్ క్లియర్‌టైప్‌కు అడ్డ వరుస మాత్రమే తెలుసు, లినక్స్‌లో ఫాంట్ల అమరికలు చూసే ఫాంట్‌కాన్ఫిగ్‌కు నిలువు వరుస కూడా చెప్పవచ్చు, ఆ విలువ పేరు వీఆర్‌జీబీ (పైనుంచి కిందికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం). అది పెట్టాక అదనపు వివరం మనకు కావలసిన దిశలోనే దొరుకుతుంది. అదే మానిటర్‌పై, అదే పరిమాణంలో ‘కి’, ‘కీ’ల మధ్య తేడా నా కంటికి ఇంతకుముందుకన్నా తేటగా తెలుస్తోంది.

అక్షర_శిల్పి
అద్భుతం. సిద్ధాంతంగా ఇలా ఉండాలని అనుకున్నానే గాని చేసి చూసినవారిని ఇప్పుడే కలిశాను. మీ మానిటర్ పట్టీలు ఏ వరసలో ఉన్నాయో భూతద్దంతో చూశారా? తిప్పిన వైపును బట్టి దానికి తలకిందులైన వీబీజీఆర్ పెట్టవలసి రావచ్చు.

నిలువు_పట్టీ
చూశాను. నాది వీఆర్‌జీబీయే. తప్పు వరస పెడితే అక్షరాల పైనా కిందా రంగు అంచులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వెంటనే తెలిసిపోతుంది.

చార్మినార్_రఫీ
నిలువు ఎత్తు బాధ తెలుగుకే పరిమితం కాదు. ఉర్దూ మన రాష్ట్రంలో రెండో అధికార భాష, దాన్ని రాసే నస్తాలిఖ్ లిపిలో ప్రతి మాటా కుడి పైనుంచి ఎడమ కిందికి వాలుగా దిగుతుంది. మాట పొడవైతే ఎత్తు కూడా పెరుగుతుంది. ఇంగ్లిష్ కోసం కొలిచిన గడిలో పెడితే మొదటి అక్షరం తల, చివరి అక్షరాల చుక్కలు తెగిపోతాయి. ఆ లిపిలో చుక్క పోతే అక్షరమే మారిపోతుంది. అందుకని చాలా మంది డెవలపర్లు నస్తాలిఖ్‌ను వదిలేసి అరబీకి వాడే నస్ఖ్ లిపితో సరిపెడతారు, మా పెద్దవాళ్లు దాన్ని ఉర్దూగా చదవడానికి ఇబ్బంది పడతారు. నళిని గారు, మీ అప్లికేషన్‌లో ఉర్దూ పేజీ ఉంటే దాన్ని తప్పక చూడండి.

నల్లకుంట_నళిని
ఉంది రఫీ గారు. మీరన్నట్టే చుక్కలు తెగుతున్నాయి. తెలుగులో కూడా కొన్ని గడులలో ‘స్త్రీ’ అన్నచోట కింది వత్తు సగం మాయమవుతోంది, అది మానిటర్ లోపమే అనుకుంటూ వచ్చాం.

మాదాపూర్_వాణి
అది మానిటర్‌కు ఏమాత్రం సంబంధం లేనిది. గడి ఎత్తును కొలిచి బిగించి, దాటినదాన్ని దాచమని కోడ్‌లో రాశారు. ఎంత ఖరీదైన తెర కొన్నా ఆ వత్తు తిరిగి రాదు. బృందానికి రాసే ఉత్తరంలో దీన్ని మొదట పెట్టండి, ఎందుకంటే మానిటర్లు మార్చుకోండన్న వాదన దీని ముందు నిలవదు.

ఉప్పల్_ఉష
మా చోట పాత టీవీనే రెండో తెరగా పెట్టి ప్రజల వైపు తిప్పారు. ఎర్ర అక్షరాలు మాత్రమే ఉబ్బినట్టు, అంచులు కారినట్టు ఉంటాయి, నల్లవి బాగానే ఉంటాయి. ఇదేమిటి?

సీటీసీ_శ్రీను
ఉష గారు, టీవీలు చాలావరకు వెలుగు సమాచారాన్ని పూర్తిగా తీసుకొని రంగు సమాచారాన్ని తగ్గించుకుంటాయి. 4:2:0 పద్ధతిలో నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువ ఉంటుంది. సినిమాలో అది తెలియదు, సన్నని ఎర్ర అక్షరంలో వెంటనే తెలుస్తుంది. టీవీ సెట్టింగ్స్‌లో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కు ‘పీసీ’ అన్న పేరు ఎంచుకుంటే చాలా మోడళ్లు పూర్తి రంగు సమాచారాన్ని చూపిస్తాయి. షార్ప్‌నెస్ కూడా తగ్గించండి, అది లేని అంచులను గీస్తుంది. నోటీసులను వాట్సాప్‌లో బొమ్మగా పంపినప్పుడు ఎర్ర అక్షరాలు చెడిపోవడానికి కూడా ఇలాంటి కుదింపే కారణం.

ఉప్పల్_ఉష
‘పీసీ’ అని మార్చగానే అంచులు సర్దుకున్నాయి. నలుపు మాత్రం కాస్త వెలిసినట్టు ఉంది.

సీటీసీ_శ్రీను
కంప్యూటర్ రంగు విలువలను 16 నుంచి 235 వరకు పంపుతూ, టీవీ 0 నుంచి 255 వరకు అనుకుంటే అలాగే అవుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లోనూ టీవీలోనూ ‘ఫుల్ రేంజ్’ ఒకేలా పెట్టండి.

బర్కత్‌పురా_మాస్టారు
నళిని గారు, మీ మానిటర్‌ను కూర్చుని చూసినప్పుడు ఒక రంగు, నిలబడి చూసినప్పుడు మరో రంగు కనిపిస్తోందా? మా వీధిలోని ఒక సేవా కేంద్రంలో లేత నీలం గడులు నేను నిలబడితే కనిపించవు, వంగితే కనిపిస్తాయి.

సీటీసీ_శ్రీను
అది ఎల్‌సీడీ తెరలలో టీఎన్ అనే రకం ప్యానెల్ స్వభావం. పైనుంచి, కిందనుంచి చూసినప్పుడు రంగులు మారిపోతాయి, లేత ఛాయలు తెలుపులో కలిసిపోతాయి. ఐపీఎస్ అనే మరో రకం ప్యానెల్‌లో ఈ బాధ చాలా తక్కువ. నిధులు దొరికిన రోజున ముందు ప్రజల వైపు తెరను మార్చండి, సిబ్బంది తెరలు తర్వాత.

మాదాపూర్_వాణి
అప్పటివరకు గడి హద్దును లేత రంగు నింపుతో కాక ముదురు గీతతో చూపించాలి. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ఇటువంటి గీతలకు కూడా 3:1 అడుగుతుంది.

నల్లకుంట_నళిని
కౌంటర్ మానిటర్ ఒకటి మాదాపూర్ బృందం బల్ల మీద పెట్టి, ఇకపై ప్రతి మార్పునూ దాని మీదే చూపించాలని మా అధికారి రాతపూర్వకంగా అడిగారు, వారు ఒప్పుకున్నారు. తెలుగుకు 18 పిక్సెళ్లు, 1.6 ఎడం అని రాసి పంపాం. ప్రజల వైపు తెరకు 24 అడిగాం. దరఖాస్తు స్థితికి రంగుతో పాటు మాట కూడా రాయమన్నాం. రఫీ గారు, ఉర్దూ పేజీకి వరుసల ఎడం ఎంత అడగమంటారు?

చార్మినార్_రఫీ
నస్తాలిఖ్‌కు రెండు రెట్లకు తగ్గవద్దు, పేర్ల గడిలో ఇంకొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు. పరీక్షించేటప్పుడు ‘అలీ’ వంటి చిన్న పేరుతో చూసి వదిలేయకండి, నాలుగైదు అక్షరాలు కలిసి వాలే పొడవైన పేర్లను ఎంచుకోండి. కావాలంటే అటువంటి పేర్ల జాబితాను నేనే తయారు చేసి ఇక్కడ పెడతాను.

రంగుల_తేడా
దరఖాస్తు స్థితి గుర్తులు తయారయ్యాక ఆ తెర బొమ్మను ఇక్కడ పెట్టండి నళిని గారు, నేను చూసి చెబుతాను.